పక్కకు తీసిన సైకిలు

మన ఊరు,
మంగళవారం, సాయంత్రం.

బావకి,

నీ దుర్గ రాస్తున్నది. ఇక్కడ మావయ్య, నేను, గేదె, దాని దూడ క్షేమంగానే ఉన్నాం. అక్కడ సముద్రం నడుమ దీవిలో నువ్వూ నీ టిప్పరూ క్షేమమని తలుస్తాను. ఈ ముక్క రాయనిదే ఏ ఉత్తరమూ ముందుకు సాగదు కనుక రాశాను. మేము ఎంతవరకు క్షేమమో చివరిదాకా చదివి నువ్వే తేల్చుకో.

నీ ఉత్తరం శుక్రవారం అందింది. ఆదివారం నువ్వు రెండుసార్లు ఫోన్ చేశావు, నేను ఎత్తలేదు. ఫోను పొయ్యిగట్టు మీద మోగుతూనే ఉంది, నేను దాని ఎదురుగా కూర్చునే ఉన్నాను. ఛార్జింగ్ లేదనో, చేలో ఉన్నాననో నీతో అబద్ధం ఆడలేను. మావయ్యకి జరిగిన ప్రమాదం గురించి నీకు చెప్పాల్సిన సంగతి ఒకటుంది. నువ్వు క్యాంప్‌బెల్ బే బజారుకొచ్చి చేసే ఆ కాసేపటి ఫోనులో సగం హలో హలోకే పోతుంది. మిగతా సగంలో ఈ సంగతి ఎత్తితే నువ్వు అరుస్తావు, నేను ఏడుస్తాను, ఈలోగా సిగ్నల్ పోతుంది. ఉత్తరమైతే ఎంత కోపమొచ్చినా చివరిదాకా చదువుతావు. చదివాక నన్ను ఈ ఇంట్లో ఉండమంటావో, మా అమ్మ దగ్గరికి పొమ్మంటావో నాకు తెలియదు. ముందు నువ్వడిగిన వాటికి జవాబులు రాస్తాను. ధైర్యం కూడదీసుకోవడానికి నాకూ కాస్త వ్యవధి కావాలి.

మావయ్య కాలు ఎలా ఉందని అడిగావు. తొడ ఎముకకి విజయనగరంలో రాడ్డు వేశారని ఫోనులో చెప్పాను కదా. కుట్లు మానాయి. గోడ పట్టుకుని గుమ్మం దాకా నడుస్తున్నాడు. కర్రతో వీధిలోకి నడవాలంటే వర్షాలు పడేదాకా ఆగాలట. మళ్లీ సైకిలు తొక్కొచ్చా అని అడిగితే డాక్టరు తల అడ్డంగా ఊపాడు. ఆయన గది దాటగానే మావయ్య, "ఆడెప్పుడైనా సైకిలు తొక్కినాడేటి? ఆడికేటి తెలుస్తాది?" అన్నాడు. ఇంటికొచ్చాక మంచం వీధి అరుగు మీద వేయించుకున్నాడు. రోడ్డు కనబడకపోతే ఆయనకి ముద్ద దిగదు. పొద్దున్నే చోడి అంబలి తాగుతున్నాడు, రెండు పూటలా అన్నం తింటున్నాడు. తిండి విషయంలో నువ్వు బెంగ పెట్టుకోకు.

మొక్కజొన్న సంగతి అడిగావు. మనది చాలావరకు ఎండింది. మిగిలింది డాబా మీద పోశాను. మన డాబా ఎంత, నాలుగు మంచాలు వేస్తే నిండిపోతుంది. మొన్నటి వానకి అడుగున ఉన్న గింజ బూజు పట్టింది. మనదొక్కటే కాదు, ఊరందరిదీ అంతే. ఎందుకని ఇప్పుడే అడగకు, అక్కడికే వస్తున్నాను.

సైకిలు మీద బడికి వెళ్లడం మానేశావా అని కూడా అడిగావు. మానలేదు. బడి పక్క ఊళ్లో ఉంది, వంట వేళకి బస్సు రాదు. నేను వెళ్లకపోతే ఆ పిల్లలకి మధ్యాహ్నం అన్నం ఎవరు వండుతారు? నీకు రోడ్డు అనగానే పైనుంచి కనబడే రోడ్డే తెలుసు. ఆ క్యాబిన్‌లో కూర్చుని 'ఈ సైకిళ్ల వాళ్లొకరు అడ్డు' అని విసుక్కోవడం తెలుసు. కింద మా పాట్లు నీకేం తెలుసు? లారీ వెనక నుంచి వస్తుంటే ముందు వీపుకి గాలి తగులుతుంది. దాటి పోయేటప్పుడు హ్యాండిల్ దానంతట అది లారీ వైపు తిరుగుతుంది. ఎడమ పక్కకి పోదామంటే తారు అంచు దిగగానే గొయ్యి. నిన్ను ఒక్కరోజు నా సైకిలు ఎక్కించి సాలూరు రోడ్డు మీదకి తోలాలని ఎన్నిసార్లు అనుకున్నానో.

ఈ విషయంలో నేను మావయ్య పార్టీయే అని నీకు తెలుసు. నువ్వు రాయపూర్ లారీ తోలే రోజుల్లో జరిగింది గుర్తుందా? గజపతినగరం దాటాక నడిరోడ్డు మీద ఒక సైకిలు పోతుంటే హారన్ మీద నుంచి చెయ్యి తీయకుండా కొట్టావు. ఆ సైకిలు ఆగింది. ఆయన దిగి, తాపీగా స్టాండు వేసి, తలగుడ్డ విప్పి భుజాన వేసుకుని నీ లారీకి ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. "దిగరా కిందకి! ఈ రోడ్డు మీ బాబు ఏయించినాడేటి?" అన్నాడు. నువ్వు కిటికీలోంచి తల బయటపెట్టి, "మా బాబువి నువ్వే కదేటి!" అన్నావు. ఆ ముక్క మన పెళ్లి పందిట్లో కూడా చెప్పుకుని నవ్వారు. అయినా మావయ్య ఆ తర్వాత కూడా ఎవరికీ పక్కకు తీసిందిలేదు. వెనక బస్సు వచ్చినా, టిప్పరు వచ్చినా ఆయన తారు మీదే పోయేవాడు.

ఇక నువ్వు అన్నిటికన్నా గట్టిగా అడిగిన ప్రశ్న. "ఆ వ్యాను వాడి పేరేమిటి, జైల్లో ఉన్నాడా లేదా, రాజీకి వస్తే ఒప్పుకోవద్దు, నేను సెలవు మీద వచ్చి వాడి సంగతి చూస్తాను" అని రాశావు. అక్షరాల కింద గీతలు కూడా కొట్టావు. కాగితం చిరిగింది.

అతని పేరు ఫిన్నీ. వాళ్లది శృంగవరపుకోట. బాప్టిస్టు చర్చి వాళ్లు. మా బడులకి కోడిగుడ్లు తెచ్చే వ్యాను అతనిదే, అంటే అతను తోలే వ్యాను, ఓనరు వేరే. నాకు ముందునుంచే తెలుసు. ట్రేలు దింపి, "ఓపాలి సూసుకోక్కా, పగిలినవి ఉంటే ఇప్పుడే సెప్పు, మల్లీ నా మీద పడొద్దు" అనేవాడు. బక్కపలచటి మనిషి. పగిలిన గుడ్డుకి ఓనరు అతన్నే అడుగుతాడని, స్పీడ్ బ్రేకరు దగ్గర మనిషి నడిచే వేగానికి దించేస్తాడు. నీకు ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, అతను జోరుగా తోలాడని ఊరంతా చెప్పిన మాట మీదే కేసు నిలబడింది. ఆ మాట చెప్పినవాళ్లలో నేనూ ఉన్నాను. స్టేషన్ వాళ్లు వచ్చి అడిగితే, బండి జోరుగా వచ్చి గుద్దిందని చెప్పి సంతకం పెట్టాను. అది అబద్ధం బావా.

ఆరోజు జరిగింది జరిగినట్టు రాస్తాను. బడి నుంచి వచ్చి మన గింజ దగ్గరే ఉన్నాను. ఊరి మొదటి నుంచి చివరిదాకా సగం రోడ్డు ఆరబోసిన మొక్కజొన్నే. చుట్టూ రాళ్లు. రాళ్లు పెట్టకపోతే లారీలు గింజల మీదుగానే పోతాయి. ఆ రాళ్లంటే నీలాంటి డ్రైవర్లకి ఎంత మంటో, మాకు అంత ధైర్యం. గింజ ఎత్తేశాక రాళ్లు కూడా తీసి గోతి అంచున పెట్టి గానీ ఇంటికి పోకూడదని మన ఊళ్లో కట్టుబాటు ఉంది కదా. అత్త ఉన్నన్నాళ్లూ గింజ ఎత్తకముందే రాళ్ల గురించి గుర్తుచేసేది.

సాలూరు వైపు నుంచి ఉన్నట్టుండి మబ్బు పట్టింది. చినుకు పడేలోగా ఎత్తేయాలని కాళ్లూ చేతులూ ఆడక, గింజ పోగుచేసి తట్టల్లో ఇంటికి మోశాను. రాళ్లు ఒక్కొక్కటీ తీసి గోతి అంచుకి వేశాను. ఒక్కటి మిగిలింది. అత్త తిరగలి విరిగాక మనం పెరట్లో పడేసిన సగం ముక్క. బరువుగా ఉంటుందని, లారీలు జడుస్తాయని దాన్ని చివరన పెట్టేదాన్ని. ముందు ఈ ఆఖరి తట్ట దింపేసి వచ్చి దాన్ని తీద్దామనుకున్నాను. తట్ట ఎత్తుకుని మన వీధి మలుపు దగ్గరికి వచ్చానో లేదో, వెనక హారన్ వినబడింది. తిరిగి చూశాను.

మావయ్య సంత నుంచి సైకిలు మీద వస్తున్నాడు. వెనక గుడ్ల వ్యాను. ఫిన్నీ హారన్ చిన్నగా రెండుసార్లు కొట్టాడు, నువ్వు కొట్టినట్టు కాదు. మావయ్య పక్కకు తీశాడు. బావా, నేను నా కళ్లని నమ్మలేదు. గింజ ఎత్తేశాక మన జాగా ఖాళీగా ఉంది కదా, ఎడమకి తీసి ఆ ఖాళీలోకి వచ్చాడు. ఆయన తలెత్తి మబ్బు చూస్తున్నాడు. ముందు చక్రం తిరగలి ముక్కకి తగిలింది. సైకిలు ఎగిరి ఆయన కుడివైపుకి, వ్యాను ముందుకి పడ్డాడు. ఫిన్నీ బ్రేకు వేశాడు. వేసినా బండి ఆగేసరికి ఆయన కాలు టైరు కింద ఉంది. వెనక తలుపు సందుల్లోంచి గుడ్ల సొన రోడ్డు మీదకి కారింది.

ఇంకొకడైతే బండి వెనక్కి తీసుకుని పారిపోయేవాడు. నువ్వు కూడా డ్రైవరువే, మీ వాళ్లు ఏం చేస్తారో నీకు తెలుసు. ఫిన్నీ దిగాడు. "తాతా, కాలు కదపకండి. ఎవులైనా నీల్లు తెండర్రా!" అని అరుస్తూ మావయ్య తల ఒళ్లో పెట్టుకున్నాడు. అలా కూర్చున్న మనిషిని మన ఎదురింటి హరిబాబు జుట్టు పట్టుకుని లేపాడు. తర్వాత మన వీధి కుర్రాళ్లూ మీద పడి కొట్టారు. ఫిన్నీ ఎడమ చెవిలోంచి రక్తం వచ్చింది.

ఇప్పుడు రాయబోయేది చదివి కాగితం చింపకు. అందరూ వ్యాను చుట్టూ మూగారు. తట్ట అక్కడే దింపి నేనూ పరిగెత్తాను. మావయ్య దగ్గరికి కాదు. రాయి దగ్గరికి. ఆయన నన్ను చిన్నప్పుడు ఇదే సైకిలు బారు మీద కూర్చోబెట్టుకుని తిప్పిన నా మేనమామ. నొప్పికి కేకలు పెడుతున్నాడు. నేను ఆ కేకలు వింటూనే ముందు తిరగలి ముక్క ఎత్తి, తెచ్చి, తట్టలో మొక్కజొన్న కిందకి తోసేశాను. ఆ తర్వాతే ఆయన దగ్గరికి వెళ్లి ఏడ్చాను. ఏడుపు నిజమే. అయినా రెండోదే కదా.

ఎందుకు చేశావని అడుగుతావు. భయం. ఊరివాళ్లు నన్నేమంటారోనని కాదు, నువ్వేమంటావోనని. ఆ క్షణాన నా కళ్లముందు కనబడింది నీ మొహమే.

ఇంతటితో అయిపోతే బాగుండేది. ఆసుపత్రిలో స్పృహ వచ్చాక మావయ్య అన్న మొదటి మాట, "రాయి తగిలినాదే దుర్గా" అని. హరిబాబు అక్కడే ఉన్నాడు. "మావా, రాయి గీయి అనకు, కేసు తేలిపోతాది" అన్నాడు. మావయ్య వినలేదు. నా వైపు తిరిగి, "నువ్వు సూసినావు కదే, రాయి ఉన్నాది కదేటి?" అని అడిగాడు. నేను ఆయన నుదురు తుడుస్తూ, "రాయి ఏదీ లేదు మావయ్యా, మత్తు సూది వల్ల నీకలా అనిపిస్తన్నాది" అన్నాను. ఎంత మెత్తగా అన్నానో.

ఆయన నా మాట నమ్మాడు. నమ్మి, తన బుర్ర పాడైందనుకున్నాడు. ఇంటికొచ్చాక చిన్న చిన్నవి కూడా నన్నే అడగడం మొదలుపెట్టాడు. "ఇయాల సంతేటే? గేదెకి కుడితి పెట్టినావా, నానే పెట్టినానా?" అనేవాడు. మంచం మీద ఉన్న మనిషి గేదెకి కుడితి ఎలా పెడతాడు? వీధిలో పోయేవాళ్లు పలకరిస్తే, "నాకేటీ తెలవడం నేదురా, మా దుర్గనడుగు" అనేవాడు. ఊళ్లో ఎవరి పొలం గట్టు ఎక్కడుందో చెప్పే మనిషి బావా. కాలు విరగడం కన్నా ఇది నాకు ఎక్కువ కష్టంగా ఉండేది. ఒక్క మాటతో తీర్చగలను, తీర్చలేదు.

పది రోజుల క్రితం ఫిన్నీ తల్లి సీతమ్మగారు వచ్చింది. బస్సు దిగి ఎండలో నడిచి వచ్చింది. హరిబాబు తన గుమ్మంలోంచే ఆమెని కసిరాడు. మావయ్య రమ్మన్నాడు. బత్తాయిలు తెచ్చింది, ఒలిచి తొనలు ఆయన చేతిలో పెట్టింది. అబ్బాయి చెవి ఎలా ఉందని మావయ్య అడిగితే, ఆ పక్క వినబడటం లేదని, లైసెన్సు స్టేషన్లోనే ఉందని, ఓనరు వేరే మనిషిని పెట్టుకున్నాడని చెప్పింది. రాజీ మాట ఎత్తలేదు. మావయ్య నవ్వుతూ, "నాను రాయి తగిలినాదనుకున్నాను. నా బుర్ర సెడిపోనాదమ్మా" అన్నాడు. ఆమె తొన పట్టుకుని అలాగే ఆగిపోయింది. "మా వోడూ రాయే అంటన్నాడు బాబూ. ఇద్దరికీ ఒకేపాలి బుర్ర సెడిపోతాదేటి?" అంది. ఆమె కళ్లు మూసుకుని, ఆయన కాలు మీద చెయ్యి వేసి ప్రార్థన చేసుకుని వెళ్లిపోయింది. నేను తలుపు చాటున నిలబడి అంతా చూశాను, విన్నాను.

మర్నాడు పొద్దున్నే కోళ్ల గంప కింద దాచిన తిరగలి ముక్క తీసి సైకిలు క్యారేజికి తాడుతో కట్టాను. వెళ్లేముందు మావయ్య మంచం పక్కన నేల మీద కూర్చుని చెప్పాను. రాయి ఉందని, అది మనదేనని, వదిలింది నేనేనని, దాచింది నేనేనని, లేదని ఆయనతో చెప్పింది కూడా నేనేనని. ఆయన మోచెయ్యి ఆనించి లేచి కూర్చున్నాడు. "అయితే నా బుర్ర బాగానే ఉన్నాది" అన్నాడు. తర్వాత గోడ వైపు తిరిగి పడుకున్నాడు. అదే ఆయన నాతో అన్న ఆఖరి మాట. ఆ రోజు నుంచి రోడ్డు వైపు తిరగడం లేదు. కంచం పెడితే తింటాడు, తీసేటప్పుడు కళ్లెత్తడు.

స్టేషన్‌కి వెళ్లి రాయి ఎస్సైగారి బల్ల మీద పెట్టాను. "ఇదేటమ్మా, రాయి తెచ్చి కాయితాల మీద పెడతావు, తియ్ ముందు" అన్నాడు. నా మాట విన్నాక తీయమనలేదు. నా మొదటి సంతకం తప్పని మళ్లీ రాయించుకున్నారు. నా మీద కూడా కేసు ఉండొచ్చని చెప్పారు. ఉంటే ఉండనీ అన్నాను. ఫిన్నీని పిలిపించారు. గుడ్డ కట్టిన చెవి వైపు నేను మాట్లాడితే వినబడక, తల తిప్పి రెండో చెవి పెట్టాడు. "నీకు ఆపాలే సెప్పాలని అనిపించలేదా అక్కా?" అన్నాడు. ఇంకా నన్ను అక్కా అనే పిలిచాడు.

ఆ సాయంత్రమే జీపు మన ఊరొచ్చింది. రోడ్డు మీద గింజ ఎవరు పోసినా కేసు అని మైకులో చెప్పి, ఉన్న రాళ్లన్నీ తీయించారు. ఆరబోయడానికి వేరే చోటు లేక గింజ కుప్పలుగా ఉండగానే వాన పడింది. అందరి గింజా తడిసింది. ఇప్పుడర్థమైంది కదా బూజు సంగతి. ఫిన్నీని కొట్టిన కుర్రాళ్ల పేర్లు కూడా అడిగారు. నేను చెప్పాను. హరిబాబు పేరు కూడా.

అప్పటి నుంచి ఊళ్లో నాతో మాట్లాడే మనిషి లేదు. పద్మకుమారి నీకు తెలుసు కదా, హరిబాబు భార్య, నాకు ఈ ఊళ్లో ఉన్న ఒక్క స్నేహితురాలు. ఆమె ఒక్కసారి మాత్రం కుళాయి దగ్గర ఆగి, "నువ్వు మంచిదానివనిపించుకోడానికి మా గింజలు కుల్లబెట్టినావు కదే" అంది. ఆ తర్వాత నేను బిందె పెడితే తన బిందె తీసేసుకుని పక్కకి వెళ్తోంది. మా అమ్మకి ఫోన్ చేస్తే, "మా అన్న కాలిరగ్గొట్టి, మల్లీ స్టేషనుకెల్లి సాటింపేసినావా" అని పెట్టేసింది. నేను చెప్పింది తప్పు అని ఒక్కరూ అనడం లేదు. ఎందుకు చెప్పావనే అంటున్నారు.

నేను చేసినది తప్పే. చెప్పినందుకు మాత్రం పశ్చాత్తాపం లేదు. మొదటి రోజే చెప్పలేదన్న బాధ ఉంది. కానీ ఒంటరితనం ఇంత బరువుగా ఉంటుందని నాకు తెలియదు. నువ్వు ఓడెక్కిన రోజున కూడా ఇంత లేదు. ఇంట్లో రెండు గొంతుకలు ఉండి ఒకటే పలకడం కష్టం. అందుకని గేదెతో మాట్లాడుతున్నాను. కాస్త ఎక్కువే మాట్లాడుతున్నాను.

సైకిలు మీద బడికి పోతుంటే ఒక కొత్త వింత చూస్తున్నాను. రోజూ ఈ దారిన తిరిగే పాల వ్యాన్లు, ఆటోలు నన్ను గుర్తుపడుతున్నాయి. ఫిన్నీ చెప్పాడో, వాళ్లలో వాళ్లకే తెలిసిందో. ఎవరూ హారన్ కొట్టడం లేదు. వెనకే నెమ్మదిగా వచ్చి, దూరంగా తప్పుకుని పోతున్నారు. ఒకాయన చెయ్యి కూడా ఊపాడు. ఊళ్లో వాళ్లు నన్ను చూసి మొహం తిప్పుకుంటున్నారు, రోడ్డు మీద వీళ్లు నాకు దారి ఇస్తున్నారు. నాకు ఏడుపొచ్చి సైకిలు దిగిపోయాను.

ఇంకొక్కటి మిగిలింది. ఇది రాయాలా వద్దా అని ఇందాకటి నుంచి కలం పక్కన పెట్టి కూర్చున్నాను. రాయి సంగతి ఒకసారి దాచి చూశాను కదా, ఇక దేన్నీ దాచే ఓపిక లేదు. మార్చిలో నువ్వు మావయ్యకి విడిగా ఒక ఉత్తరం రాశావు. "నాన్నా, బళ్లు ఇప్పుడు వెనకటిలా లేవు. హారన్ వినబడితే పంతానికి పోకుండా పక్కకి తీయి. నువ్వు రోడ్డు మీద ఉన్నావంటే నాకిక్కడ నిద్ర పట్టదు" అని. నేనే చదివి వినిపించాను. "ఈడొకడు, డ్రైవరు బుద్ధి పోనిచ్చుకోడు" అని గొణిగాడు. ఆ ఉత్తరం మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఆసుపత్రిలో రాయి మాట అన్నాక, నేను లేదని చెప్పాక, ఆయన మళ్లీ కళ్లు మూసుకుంటూ, "ఆడు బెంగెట్టుకుంతన్నాడని పక్కకి తీసినానే" అన్నాడు.

బావా, ఇందులో నీ తప్పు ఆవగింజంత కూడా లేదు. నువ్వు రాసింది సరైనదే, ఆయన చేసింది సరైనదే. ఫిన్నీ కొట్టిన హారన్ కూడా సరైనదే. ముగ్గురూ సరిగ్గా చేసిన చోట నేనొక్కదాన్నే రాయి వదిలాను. ఈ ముక్క నీకు చెప్పకపోతే, ఆయన నీ మాట మన్నించాడని నీకు ఎప్పటికీ తెలిసేది కాదు. నువ్వు ఆయన మొండివాడనే అనుకుంటూ ఉండిపోయేవాడివి.

ఫిన్నీ మీద కోపం వదిలేయి. వచ్చాక అతని సంగతి కాదు, నా సంగతి చూడు. మావయ్యకి మాత్రం వెంటనే ఒక ఉత్తరం రాయి, నాకు రాసినా రాయకపోయినా. ఆయనకి చదివి వినిపించడానికి నేను పనికొస్తానో లేదో తెలియదు, అందుకని పెద్ద అక్షరాలతో రాయి. ఆయన కళ్లజోడు తుడిచి పెట్టాను. నన్ను తిట్టాలనుంటే తిట్టు. ఒక్క తిట్టయినా నా పేరు పెట్టి తిట్టు, ఈ ఇంట్లో నా పేరు వినబడి చాలా రోజులైంది. ఈ కాగితం పోర్ట్ బ్లెయిర్ చేరి, అక్కడ ఓడెక్కి నీ దగ్గరికి వచ్చి, నీ జవాబు అంత దూరమూ తిరిగి వచ్చేదాకా, ఇక్కడ నేనేమవుతానో తెలియకుండానే రోజూ ఇద్దరికీ బియ్యం పోస్తుంటాను.

ఇన్నాళ్లూ ఉత్తరం కింద 'నీ భార్య' అని రాసేదాన్ని. ఈసారి రాయబోతే చెయ్యి ఆగింది. అది నువ్వు ఇచ్చింది, వద్దనుకుంటే వెనక్కి తీసుకోగలవు. అందుకని నాకు పుట్టుకతో వచ్చినదాన్ని రాస్తున్నాను. దాన్ని మాత్రం నువ్వు కూడా తీసేయలేవు.

ఇట్లు,
నీ మేనత్త కూతురు,
దుర్గాభవాని